తొమ్మిది తెల్లవి, ఒకటి ఎర్రది

18 జనవరి 1999, సోమవారం

యాదమ్మకు మళ్లీ ఎర్రది. ఈ నెలలో రెండోసారి.

పని ముగించుకుని వెళ్తూ గేటు దగ్గర సంచిలో చెయ్యి పెట్టింది, తీసింది, చూసుకోకుండానే నా అరచేతిలో పెట్టింది. తొమ్మిది తెల్ల గోలీలుండగా ఆ ఒక్క ఎర్రదే దొరకాలా ఈమెకు. ఎర్రది వస్తే వెతకాలి కదా, క్యాబిన్‌లోకి తీసుకెళ్లి తనిఖీ చేశాను. టిఫిన్ డబ్బా, కొంగు, నడుము, చెప్పులు. ఏముంటుంది... సగం జొన్నరొట్టె, ఒక దువ్వెన. అన్నీ విప్పి చూసి మళ్లీ సర్దేసరికి పుప్పాలగూడ బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత అటు బస్సు లేదు.

"నడుస్త తియ్, కొత్తనా" అంది. పక్కింట్లో చిన్న కూతుర్ని వదిలి వస్తుంది. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంటుందట, అమ్మ వచ్చేదాకా.

ఊరుకోలేక అన్నాను – "రెండుసార్లు అయిపోయింది కద అక్కా, ఇగ ఈ నెల నీకు రాదు. ఫికర్ చెయ్యకు."

గేటు దగ్గర కాపలా కాసేదానికి ఈ జ్యోతిష్యం ఎందుకో.

19 జనవరి, మంగళవారం

డ్యూటీకి వెళ్లేముందు మేడమీద ఆంటీ దగ్గర గంటసేపు. సంభావ్యత మొదలుపెట్టాం. పోయినేడాది ఇంటర్ పరీక్షలో ఈ పాఠాన్ని చాయిస్‌లో వదిలేశాను. మిగతా పాఠాలు నన్ను వదిలేశాయి. లెక్కల్లో ఫెయిల్.

కళావతి ఆంటీ పెళ్లికి ముందు బీయెస్సీ లెక్కలు చదివింది. గుంటూరు నుంచి వచ్చి ఈ మదీనాగూడలో ఇల్లు కట్టుకుని, కింది గది మాకు కిరాయికి ఇచ్చి, ఇన్నేళ్లుగా ఎవరికీ ఒక్క లెక్క చెప్పకుండా ఎలా ఉందో తెలియదు. పుస్తకం చూడగానే ముఖం వెలిగిపోయింది. కూర మాడింది.

"నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత ఎంతమ్మాయ్?"

"సగం ఆంటీ."

"ఎందుకు సగం?"

ఎందుకేమిటి. సగం అంటే సగం. అలా అంటే నెత్తిమీద మొట్టింది. ఇరవై రెండేళ్ల దాన్ని, యూనిఫాం వేసుకుని ఉన్నాను కూడా.

21 జనవరి, గురువారం

వచ్చింది. మూడోది. యాదమ్మకే.

రాదని చెప్పాను నేను. నా నోట్లో మన్ను పడ.

లైను చివర నిలబడే నర్సమ్మ గొంతు – "ఇగ నడువుండ్రి, ఎర్రది పోయింది." అందరూ చకచకా చేతులు పెట్టి తీసి వెళ్లిపోయారు. యాదమ్మ నా వంక చూడలేదు. తనే కొంగు విప్పి దులిపి చూపించింది.

22 జనవరి, శుక్రవారం

ఈ కంప్యూటర్ కంపెనీలో మా సెక్యూరిటీవాళ్లకు పెద్ద సుబేదార్ సాబ్. మిలిటరీ వదిలి వచ్చినా ఇంకా ఫౌజులోనే ఉన్నాడు. ఈ గోలీల సంచి ఆయన బుర్రలో పుట్టిందే. పని ముగించుకుని వెళ్లే హౌస్‌కీపింగ్ ఆడవాళ్లందరినీ వెతికే తీరిక లేదు కాబట్టి, ఎర్రది తీసినవాళ్లనే వెతకాలి. నెలలో మూడుసార్లు ఎవరికైనా ఎర్రది వస్తే వాళ్లను వేరే సైటుకు పంపాలి. ఇది కూడా ఆయన పెట్టిందే. మెడలో కార్డు ఉన్న ఇంజనీర్లు ఇంకో గేటు నుంచి నవ్వుకుంటూ పోతారు. వాళ్లకు గోలీలు లేవు.

పైగా ఈ మధ్య మూడో అంతస్తులో ఫ్లాపీ డబ్బాలు కనిపించడం లేదట. అక్కడ ఊడ్చేది యాదమ్మ.

"ఆమె దగ్గర ఏం దొరకలేదు కద సాబ్" అన్నాను.

"ఎర్రది ఊకె రాదు సుజాతా. సంచికి కండ్లు లేవు, దేవునికున్నయి. ఒకటో తారీఖు నుంచి ఆమె ఉప్పల్ సైటు."

ఉప్పల్. ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారి పోవాలి, రెండు బస్సులు మారి రావాలి. పిల్లను ఎవరు చూస్తారు... పంపడం అంటే పని తీసేయడమే. ఆ మాట అనలేక ఉప్పల్ అంటున్నాడు.

23 జనవరి, శనివారం

యాదమ్మకు తెలిసిపోయింది. తెల్లది తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. రోజూ "పోయొస్త చెల్లె" అనేది. ఈరోజు అనలేదు.

24 జనవరి, ఆదివారం

ఆంటీ ఒక రూపాయి బిళ్ల ఇచ్చి ఎగరేయమంది. వరసగా బొమ్మ, బొమ్మ, బొమ్మ.

"ఇప్పుడేం పడుతుంది?"

"బొరుసే ఆంటీ. ఎన్నిసార్లని బొమ్మ పడుతుంది."

"అదే తప్పు. మళ్లీ సగమే. ఇందాక బొమ్మ పడిందని దానికెవరు చెప్పారు?" అంది. స్వతంత్ర ఘటనలు అంటారట వాటిని. ముందు జరిగింది తర్వాత జరగబోయేదాన్ని ఆపదు, తోయదు.

అంటే నేను యాదమ్మకు చెప్పింది పచ్చి అబద్ధం. రెండుసార్లు వచ్చినా మూడోసారి ఆమె చెయ్యి పెట్టినప్పుడు పదిలో ఒకటే. ఎక్కువ కాదు, తక్కువ కాదు. అలాగే సాబ్ చెప్పేది కూడా అబద్ధమే కదా... దేవుడు చూస్తున్నాడనడం, ఇక రాదులే అనడం రెండూ ఒకటే. నాకు కొంచెం సిగ్గేసింది. దానికంటే ఎక్కువ సంతోషమేసింది, ఎందుకో.

కింది గదిలో మా వదిన మాత్రం – "రూపాయి ఎగరేసుడు గూడ సదువేనా? అట్లయితె మా తమ్ముడు చిన్నప్పుడే పాసయ్యేటోడు."

25 జనవరి, సోమవారం

ఆంటీకి యాదమ్మ సంగతంతా చెప్పాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నెలకు ఎన్ని రోజులు పనిచేస్తుంది?"

"ఆదివారాలు పోను రోజూ."

"పది రోజులకోసారి రావాల్సిన ఎర్రది, అన్ని రోజుల్లో మూడుసార్లు వస్తే అందులో వింతేముంది? రాకపోతే వింత గానీ."

అయితే మిగతావాళ్లకు ఎందుకు రాలేదు? నర్సమ్మకు దసరా నుంచి ఒక్కసారి కూడా రాలేదే. ఆంటీ గరిటె పక్కన పెట్టింది. "ఆ సంచిలో ఏదో ఉందమ్మాయ్" అంది. ఏమీ లేదు, రోజూ నేనే లెక్కపెట్టి వేస్తాను.

26 జనవరి, మంగళవారం

సెలవు. పొద్దున్నే జెండా, మిఠాయి, ఆ తర్వాత మేడమీదే.

బంతుల లెక్కలు. 'ఒక సంచిలో 5 ఎరుపు, 7 తెలుపు బంతులు కలవు...' ఈ పుస్తకం రాసినవాళ్లకు మా గేటు తెలుసా ఏమిటి. చేసి చూద్దామని మొదట తొమ్మిది శనగలు, ఒక చింతగింజ వేశాం. చేతికి తెలిసిపోతోంది, పనికిరాలేదు. ఆంటీ కుట్టు డబ్బాలోంచి తొమ్మిది తెల్ల గుండీలు, ఒక ఎర్ర గుండీ తీసి పసుపు డబ్బా కడిగి అందులో వేసింది.

నేను తీశాను. తెల్లది. రెండోసారి చెయ్యి పెట్టబోతే ఆంటీ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. తీసింది మళ్లీ లోపల వేశావా, లేదా? ప్రశ్నలో ముందు అది చూడాలి. తిరిగి ఉంచితే ఒక లెక్క, ఉంచకపోతే ఇంకో లెక్క."

"గేటు దగ్గర వెంటనే వేసేస్తం ఆంటీ."

"ఎర్రది కూడానా?"

నా చేతిలో గుండీ వంక చూశాను.

ఎర్రది వెయ్యం. ఎర్రది వచ్చిందంటే అది నా చేతిలోనే ఉంటుంది, తనిఖీ అయ్యేదాకా. దాన్ని పట్టుకునే క్యాబిన్‌లోకి పోతాను. బయట సాబ్ సంచి పట్టుకుంటాడు. ఆ సంచిలో అన్నీ తెల్లవే. వెనుకున్నవాళ్లందరూ తెల్లవే తీస్తారు, ఇంకేం తీస్తారు. నేను బయటికొచ్చేసరికి లైనే ఉండదు.

'ఇగ నడువుండ్రి, ఎర్రది పోయింది.' రోజూ విన్న మాట. చెవులున్నాయి, బుర్ర లేదు నాకు.

ఆంటీ కాగితం తీసుకుంది. మొదట నిలబడ్డామెకు పదిలో ఒకటి. రెండో ఆమెకు – మొదటామె తెల్లది తీస్తేనే భయం – వందలో తొమ్మిది. మూడో ఆమెకు వెయ్యిలో ఎనభై ఒకటి. వెనక్కి పోయేకొద్దీ తగ్గుతూ, తగ్గుతూ... చివర నిలబడి జడ వేసుకునే నర్సమ్మకు ఏమీ లేనట్టే.

మొదట నిలబడేది ఎవరు? బస్సున్న మనిషి.

మెట్లు ఎలా దిగానో తెలియదు. వదిన చేతిలో పళ్లెం కింద పడేశాను.

27 జనవరి, బుధవారం

మధ్యాహ్నం యాదమ్మను మెట్ల కింద పట్టుకున్నాను. గబగబా చెప్పేశాను – ఇది నీ తప్పు కాదు, నసీబు కాదు, ముందు నిలబడతవు కాబట్టే నీకు వస్తున్నది, వెనుక నిలబడితే రాదు.

చీపురు గోడకు ఆనించి నన్ను చూసింది. కోపం లేదు. జాలి ఉందేమో.

"నాకు తెల్వదా చెల్లె? అందరికి తెలుసు. ఎన్క నిలవడితె బస్సు ఆగుతదా?"

"తెలిస్తే సాబ్‌కు ఎందుకు చెప్పలే?"

"నేను జెప్తె దొంగ మాటలంటడు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు జెప్పు."

చదువుకున్నదాన్నట. ఫెయిలైనదాన్ని.

28 జనవరి, గురువారం

చెప్పాను. అరిచాడు. "నా సంచికే లెక్కలు జెప్తవా?" అంటూ మీసం మీద చెయ్యేశాడు. "పరేషాన్ చెయ్యకు, పో."

పోయాను. ఏడుపొచ్చింది. బాత్‌రూంలో ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాను. ఆంటీ అయితే ఇంకా బాగా చెప్పేదేమో. నాకు కోపం వచ్చినప్పుడు మాటలు ముద్దగా వస్తాయి.

29 జనవరి, శుక్రవారం

మూడు గంటలకు గేటు దగ్గర ఈగలు తోలుకునే టైము. సాబ్ చాయ్ తాగుతున్నాడు. ఆయన ముందు సంచి పెట్టి, అగ్గిపెట్టె తీసి పుల్లలు గుమ్మరించాను.

"ఒక ఆట ఆడుదాం సాబ్. జర."

గోలీలాట అంటే ఎవరు కాదంటారు. లైనులో ముందు సగం సాబ్‌ది, వెనుక సగం నాది. ఒక్కొక్కరి పేరు చెబుతూ గోలీ తీయాలి, తెల్లదైతే మళ్లీ వేసేయాలి. ఎర్రది ఎవరి సగంలో వస్తే వాళ్లు ఒక పుల్ల పెట్టుకోవాలి. ఒక్కో ఆట ఒక్కో రోజు లెక్క, ఎర్రది వచ్చాక ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. మన పద్ధతే కద సాబ్ అన్నాను.

మొదటి ఆటలో ఎర్రది వెనుక సగంలో వచ్చింది. నర్సమ్మ పేరు మీద. నా ప్రాణం పోయింది. సాబ్ మీసాల్లో నవ్వాడు. "ఏమైంది నీ లెక్క?"

"ఇంకో ఆట సాబ్."

ఆంటీ ముందే చెప్పింది, ఒకటి రెండుసార్లతో ఏమీ తేలదు, ఆడుతూ పోవాలని. ఆడుతూ పోయాం. ఆయన పుల్ల. ఆయన పుల్ల. నా పుల్ల. ఆయన పుల్ల... చాయ్ చల్లారింది. సాబ్ ముందు పుల్లలు కుప్ప పడ్డాయి, నా ముందు కొన్నే. ఒకచోట ఆయనే ఆగిపోయి, ఎర్ర గోలీని వేళ్ల మధ్య తిప్పుతూ చూశాడు.

"గీ ఎర్రది బయట ఉంటే ఎన్కటోళ్లకు ఎట్ల వస్తది" అన్నాడు. నాతో కాదు.

నేను నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి సరైన సమయంలో మూసుకున్నాను.

30 జనవరి, శనివారం

సాబ్ హుకుం: ఒకటో తారీఖు నుంచి ఎర్రది కూడా వెంటనే సంచిలో పడాలి. తీసినవాళ్లకు ఒక టోకెన్ ఇచ్చి క్యాబిన్ దగ్గర నిలబెట్టాలి. వెనుకవాళ్లు కూడా అన్ని గోలీలూ ఉన్న సంచిలోనే చెయ్యి పెట్టాలి.

"యాదమ్మ సాబ్?"

"ఫిబ్రవరి చూస్త. మళ్ల మూడొస్తె ఉప్పలే. అప్పుడు నాకు లెక్కలు జెప్పకు."

యాదమ్మకు చెప్పాను. చీర కొంగుతో నా మొహం తుడిచింది. నాకు చెమట పట్టినట్టు కూడా తెలియలేదు.

31 జనవరి, ఆదివారం

పాచికల లెక్కలు. అన్నీ కుదిరాయి. ఒకటి ఆంటీ కంటే ముందు చేశాను. పకోడీలు వేసింది. ఇలాంటి ఆదివారం వచ్చి ఎన్నాళ్లయిందో.

1 ఫిబ్రవరి, సోమవారం

కొత్త పద్ధతి. యాదమ్మే ముందు. చెయ్యి పెట్టింది.

ఎర్రది.

సాబ్ నా వంక చూశాడు. లెక్క సరైనదే, పదిలో ఒకటి ఎప్పుడైనా రావచ్చు, మొదటి రోజే రావచ్చు – అన్నీ తెలుసు. తెలిసినా ఆ గోలీని అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. సంచిలో వేసి ఊపాను. యాదమ్మ టోకెన్ తీసుకుని పక్కన నిలబడింది.

"ఎర్రది పోయింది, నడువుండ్రి" అన్నారెవరో అలవాటు కొద్దీ. పోలేదు. మధ్యలో ఇంకొకామెకు వచ్చింది. చివర నర్సమ్మకు. గోలీని చూసి నర్సమ్మ తేలుని పట్టుకున్నట్టు వదిలేసింది. క్యాబిన్ ముందు ముగ్గురు. ఇంతకుముందు ఎన్నడూ లేదు.

"నీ సదువు మా మీదికి తెస్తివి" అంది నర్సమ్మ, నేను ఆమె డబ్బా మూత తీస్తుంటే. నిజమే.

ఆ డబ్బాలో ఏమీ లేదు. ఎవరి దగ్గరా ఏమీ లేదు.

2 ఫిబ్రవరి, మంగళవారం

ఆంటీ ముందు కూలబడ్డాను. అప్పుడే ఒకటి వచ్చేసింది ఆంటీ, ఇంకో రెండొస్తే ఆమె ఉప్పల్. లెక్క చేసి న్యాయం చేశాననుకున్నా, ఏం మిగిలింది.

ఆంటీ కళ్లజోడు తుడుచుకుంది. "నువ్వు సగం లెక్కే చేశావు. ఇప్పుడు ముందున్నామెకూ వెనుకున్నామెకూ అంతా ఒకటే కదా. అయితే నెలాఖరుకు ఎంతమందికి మూడేసి వస్తాయి?"

కూర్చున్నాం. స్టవ్ ఆపేసి మరీ కూర్చుంది. రెండు కాగితాలు పాడయ్యాయి, మూడోదాని మీద తేలింది. లైనులో దగ్గర దగ్గర సగం మందికి.

"అందర్నీ ఉప్పల్ పంపుతాడా మీ సాబు? మరి ఇక్కడ ఊడ్చేదెవరు, ఆయనా?"

ఇద్దరం నవ్వాం. ఆంటీ నవ్వితే పొలమారుతుంది, నీళ్లు తేవాల్సి వచ్చింది. సాబ్‌కు ఇది నేను చెప్పక్కర్లేదు. నెల గడిస్తే ఆయన సంచే ఆయనకు చెబుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టగలిగితే... నాకు లేనిదే అది.

3 ఫిబ్రవరి, బుధవారం

కొత్త తలనొప్పి. వెనుక నిలబడితే లాభం లేదని అందరికీ అర్థమైంది. కాబట్టి అందరూ ముందుకే. తోపులాట. యాదమ్మ ఎక్కడో మధ్యలో పడింది, మెడ చాచి రోడ్డు వైపు చూస్తోంది.

నేను అరిచేలోపే నర్సమ్మ – "జర జరుగుండ్రే, ఆమె బస్సు వోతది. మనకేమన్న బస్సున్నదా."

జరిగారు. గొణుక్కుంటూనే జరిగారు. తెల్లది. పరుగెత్తింది యాదమ్మ.

మొన్న నన్ను తిట్టిన నర్సమ్మే. మనుషులకు మాత్రం లెక్కలు పనికిరావు.

5 ఫిబ్రవరి, శుక్రవారం

మళ్లీ యాదమ్మకు ఎర్రది. ఈ నెలకు రెండు. నెల ఇంకా మొదలే కాలేదు.

బస్సు పోయింది. నా డ్యూటీ కూడా అయిపోయింది కాబట్టి చౌరస్తా దాకా కలిసి నడిచాం. ఆమెను నడిపించింది నేనే అన్నట్టు ఉంది నాకు. ఏం చెప్పాలి? ఇక రాదు అనకూడదు, అది అబద్ధమని తెలిసిపోయింది. వస్తుంది అని కూడా అనకూడదు. పదిలో ఒకటి అని మాత్రమే అనొచ్చు, అది ఎవరికి ధైర్యం ఇస్తుంది...

యాదమ్మే అంది. "ఇయ్యాల ఇంక నలుగురికొచ్చింది, సూసినవా."

"ఆ."

కంకర లారీ పోయింది, ఇద్దరం కళ్లు మూసుకున్నాం.

"పోయిన నెల నాకే అనుమానమొచ్చింది చెల్లె, నేనే దొంగనేమో అని. అన్నిసార్లు నాకే వస్తుంటే... ఏమన్న మర్చిపోయి కొంగుల కట్టుకున్ననేమో అని ఇంటికి పోయినంక విప్పి సూసుకునేదాన్ని. పిల్ల అడిగేది, ఏం ఎతుకుతున్నవే అమ్మా అని."

నేను ఆమెకు ఇంకాస్త దగ్గరగా నడిచాను.

"ఇప్పుడు ఎతుకుత లేను" అంది. అని, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని నడక పెంచింది.

చౌరస్తాలో నిలబడి ఆమె కనిపించినంత దూరం చూశాను. సాబ్ ఈరోజు టోకెన్లు ఇస్తూ ఏమీ అనలేదు, కానీ అందరి ముఖాలూ చూశాడు. రేపు యాదమ్మకు మూడోది రావచ్చు. పదిలో ఒకటి. రాకపోవడానికి పదిలో తొమ్మిది.